ఉత్తర మిన్నెసోటా సరస్సుల ఒడ్డున వారం రోజులు: పెద్దవారితో వెళ్లే కుటుంబం ఏ రిసార్టును ఎంచుకోవాలి?

విజయవాడ పటమటలోనూ, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోనూ ఏప్రిల్ నెలాఖరు నుంచి ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. ఇంటి పెద్దలు అమెరికాలో ఉంటున్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో నాలుగైదు నెలల కోసం వెళతారు. అక్కడ వారిని నయాగరాకూ న్యూయార్కుకూ తీసుకువెళ్లి చూపించడం ఆనవాయితీ. పూటకొక హోటలు, గంటల తరబడి నడక, బయటి తిండి తప్పని ఆ ప్రయాణాలకంటే, ఒక్కచోట వారం రోజులు నిలకడగా ఉండి, అడవినీ నీటినీ చూస్తూ మనవలతో గడిపే విడిది పెద్దవారికి ఎక్కువ సుఖాన్నిస్తుందని నా గట్టి నమ్మకం. అందుకు ఉత్తర మిన్నెసోటా సరస్సుల సీమ చాలా అనువైన చోటు. ఆ రాష్ట్రంలోని పెద్ద నగరం మినియాపోలిస్‌లో పిల్లలున్నవారికి అది ఒక పూట కారు ప్రయాణం. షికాగోలో ఉన్నవారికి దారిలో ఒక రాత్రి మజిలీ అవసరమవుతుంది. చిక్కంతా ఎంపికలోనే ఉన్నది. అక్కడి రిసార్టులు ఫొటోలలో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి: పైన్ చెట్లు, చెక్క ఇల్లు, నీలపు నీరు. వెళ్లి దిగిన తరువాత గాని వాటి మధ్య తేడాలు తెలియవు, తెలిసేసరికి వారం అద్దె చెల్లించి ఉంటారు.

ముందుగా రిసార్టు అంటే అక్కడ ఏమిటో చెప్పాలి. మన వైపు రిసార్టు అనగానే ఈత కొలను, బఫే భోజనం, గదికి వచ్చి పక్క సర్దే పనివాళ్లు గుర్తుకు వస్తారు. ఉత్తర మిన్నెసోటాలో చాలా రిసార్టులు ఒక కుటుంబం నడుపుకునే పది పదిహేను చెక్క ఇళ్ల సముదాయాలు. ఒక్కొక్క ఇంటిని క్యాబిన్ అంటారు. ఒడ్డున ఒక పడవ రేవు, కొన్ని పడవలు, రాత్రి చలిమంట వేసుకోవడానికి రాళ్లు పేర్చిన గుంట, చేపలు శుభ్రం చేసుకోవడానికి విడిగా ఒక చిన్న గది ఉంటాయి. హౌస్‌కీపింగ్ క్యాబిన్ అని రాసి ఉంటే, వంటగది ఉన్న క్యాబిన్ అనీ, వంట, గిన్నెలు, ఊడ్చుకోవడం అంతా మనదేననీ అర్థం చేసుకోవాలి. అమెరికన్ ప్లాన్ అని ఉంటే మూడు పూటల భోజనం వాళ్లదే. ఈ ఒక్క తేడాను గమనించకుండా డబ్బు కట్టడం మంచిది కాదు.

మిన్నెసోటాలో పది ఎకరాలకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయని ఆ రాష్ట్ర ప్రభుత్వ లెక్క. ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు వెంట ఉన్నవి వీటిలో ప్రత్యేకమైనవి. అక్కడి రాతి నేల దాదాపు 270 కోట్ల ఏళ్ల నాటిది. మంచుయుగంలో హిమానీనదాలు ఆ రాతిని గీరి, తొలిచి విడిచిన పల్లాలలో నీరు నిలిచి ఈ సరస్సులు ఏర్పడ్డాయి. అందువల్ల ఒడ్డున ఇసుక తక్కువ, బండరాళ్లు ఎక్కువ. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనకు ఒండ్రునేల, మెల్లగా లోతు పెరిగే రేవులు అలవాటు. అక్కడ రెండడుగులు వేసేసరికి మెడలోతు వచ్చే ఒడ్డులు సాధారణం. అది ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసుల తరతరాల నేల కూడా. 1854 నాటి ఒడంబడికలో భూమిని అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నా, ఆ ప్రాంతంలో వేటాడే, చేపలు పట్టే, నీటిలో పెరిగే వైల్డ్ రైస్ అనే గడ్డి గింజలను సేకరించే హక్కులను వారు నిలుపుకున్నారు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పడవలలో వెళ్లి ఆ గింజలను సేకరించడం ఇప్పటికీ సాగుతున్నది. మన వారికి అది చూడదగినది, వండుకుని తినదగినది కూడా. అయితే ఉడకడానికి ముప్పావు గంట పడుతుందని తెలిసి పొయ్యి మీద పెట్టాలి.

ఇక ఎంపికకు నేను పెట్టుకునే కొలత చెబుతాను. కుటుంబంలో అందరికంటే తక్కువ నడవగలిగే వ్యక్తి ఎవరో ఆ వ్యక్తిని ముందు పెట్టుకుని చూడాలి. ఆ తరువాత వంటగది చూడాలి. సరస్సు అందచందాలు మూడో స్థానంలో ఉండాలి. ఇలా చెబితే విడ్డూరంగా తోచవచ్చు గాని, అక్కడ అందం లేని సరస్సు లేదు. మోకాళ్ల నొప్పితో నాయనమ్మ నీటి దాకా దిగలేకపోయినా, మూడో రోజుకే తాతయ్యకు బ్రెడ్డు ముక్కలు వెగటు పుట్టినా, ఆ అందం ఎవరికీ అక్కరకు రాదు.

ఈ కొలతతో నాలుగు ప్రాంతాలను పోల్చి చూద్దాం.

మొదటిది సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డు. మినియాపోలిస్ నుంచి డులూత్ నగరం దాకా సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి 61వ నంబరు రహదారి సరస్సు పక్కనే గ్రాండ్ మరే అనే ఊరి దాకా మరో 175 కిలోమీటర్లు సాగుతుంది. 82,100 చదరపు కిలోమీటర్ల ఆ సరస్సు ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణంలో సగం ఉంటుంది. అవతలి ఒడ్డు కనిపించదు, అలలు ఎగసి పడతాయి, చూస్తే సముద్రమనే అనిపిస్తుంది. రోడ్డు మంచిది, గదులు హోటలు గదుల వంటివి, భోజనశాలలు దగ్గరలోనే ఉంటాయి, గూస్‌బెర్రీ జలపాతం, 1910లో కట్టిన స్ప్లిట్ రాక్ దీపస్తంభం కారు దిగి కాస్త నడిస్తే చూడవచ్చు. కానీ ఆ నీరు నడివేసవిలో కూడా ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లన. చిన్న పడవలు వేసుకుని తిరిగే నీరు కాదది. పిల్లలు ఈదలేరు, పెద్దవారు పడవెక్కలేరు. ఒడ్డున కూర్చుని చూడడం ఒక్కటే మిగులుతుంది. దారిలో రెండు రాత్రులు ఆగడానికి అది మంచి చోటు, వారం రోజుల అడవి విడిదికి మాత్రం కాదు.

రెండవది ఈలీ పట్టణం, దానికి కాస్త ముందే వచ్చే వెర్మిలియన్ సరస్సు. మినియాపోలిస్ నుంచి ఈలీకి దాదాపు 400 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి చెన్నై వెళ్లే దూరం కంటే కొంచెం తక్కువ. రోడ్డు చివరి దాకా తారు రోడ్డే. ఈలీలో కిరాణా దుకాణాలున్నాయి, ఆసుపత్రి ఉన్నది, మందుల దుకాణం ఉన్నది. 1993లో తెరిచిన అంతర్జాతీయ తోడేళ్ల కేంద్రంలో పెద్ద అద్దాల వెనుక నుంచి తోడేళ్లను చూడవచ్చు. అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో మిన్నెసోటాలో ఉన్నన్ని తోడేళ్లు మరే రాష్ట్రంలోనూ లేవు. ఎలుగుబంట్ల కేంద్రం కూడా ఆ ఊరిలోనే ఉన్నది. వాన కురిసి పడవ ఎక్కలేని రోజున పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలనే ప్రశ్నకు ఈ ఊరు జవాబు చెబుతుంది, ఆ వసతి మిగిలిన ప్రాంతాలలో అంతగా లేదు.

ఈలీ పక్కనున్న బర్న్ట్‌సైడ్ సరస్సులో వందకు పైగా దీవులున్నాయి, నీరు తేట, లోతు ఎక్కువ. దీవుల చాటున గాలి తగ్గుతుంది గనుక చిన్న పడవలో కూడా ధైర్యంగా తిరగవచ్చు. వెర్మిలియన్ అంతకంటే చాలా పెద్దది, దాదాపు 40,000 ఎకరాలు. దాని ఒడ్డున రిసార్టులు కూడా ఎక్కువ, పోటీ వల్ల రకరకాల ధరలలో క్యాబిన్లు దొరుకుతాయి. వారాంతంలో మోటారు పడవల సందడి మాత్రం ఉంటుంది. నిశ్శబ్దం కోరి వెళ్లేవారు వెర్మిలియన్‌లో పెద్ద నీటి మీద కాకుండా లోపలికి చొచ్చుకుపోయిన పాయల ఒడ్డున ఉన్న క్యాబిన్‌ను అడిగి తీసుకోవాలి.

మూడవది గన్‌ఫ్లింట్ దారి. గ్రాండ్ మరేలో మొదలై 92 కిలోమీటర్లు అడవిలోకి వెళ్లి అక్కడితో ఆగిపోయే రోడ్డు అది. వెళ్లిన దారినే తిరిగి రావాలి. ఆ రోడ్డుకు అటూ ఇటూ సరస్సులు, వాటి మీద పాత లాడ్జీలు. నాలుగింటిలో నిజమైన అడవి అనుభవం ఇక్కడే అని నేను అంటాను. తెల్లవారుజామున చిత్తడి నేలల దగ్గర మూస్ అనే పెద్ద దుప్పి కనిపించే అవకాశం ఉన్నది, అయితే ఈశాన్య మిన్నెసోటాలో వాటి సంఖ్య 2006తో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది గనుక కనిపించి తీరుతుందని పిల్లలకు మాట ఇవ్వకూడదు. మినియాపోలిస్ నుంచి గన్‌ఫ్లింట్ సరస్సుకు సుమారు 500 కిలోమీటర్లు. మొబైలు సిగ్నలు మీద ఆశ పెట్టుకోకూడదు. ఆసుపత్రి గ్రాండ్ మరేలో ఉన్నది, అంటే దారి చివరి నుంచి అడవి రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. గుండెకు స్టెంటు వేయించుకున్న పెద్దాయననో, ఇన్సులిన్ తీసుకునే అమ్మనో తీసుకుని అంత లోపలికి వెళ్లడం నా దృష్టిలో సరికాదు. ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల దంపతులు, నడక అలవాటున్నవారు అయితే ఇంతకంటే మంచి చోటు లేదు.

నాలుగవది వోయజర్స్ జాతీయ పార్కు పక్కనున్న కాబెటోగమా, రెయినీ సరస్సులు. 1975లో ఏర్పడిన ఈ పార్కులో సుమారు నలభై శాతం నీరే, లోపలి భాగాలకు పడవ మీదనే వెళ్లాలి, ప్రవేశ రుసుము లేదు. పార్కు సందర్శక కేంద్రాల నుంచి వేసవిలో పెద్ద టూరు బోట్లు నడుస్తాయి. సొంతంగా పడవ నడపడం రాని కుటుంబానికి, తడబడకుండా కూర్చోవలసిన పెద్దవారికి ఇది గొప్ప సదుపాయం. కాబెటోగమా ఒడ్డున కుటుంబ రిసార్టులు వరుసగా ఉన్నాయి, వాటిలో చాలావరకు వంటగది ఉన్న క్యాబిన్లే. సరస్సు మరీ లోతైనది కాదు, అందువల్ల జులైలో నీరు కాస్త వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనంతోనే ఒక ఇబ్బంది కూడా ఉన్నది: వేసవి చివర ఈ సరస్సులో నీలి ఆకుపచ్చ నాచు తెట్టు కట్టవచ్చు. అది కొన్నిసార్లు విషపూరితం. నీరు బఠానీ పప్పు చారులా కనిపించిన రోజున పిల్లలను దింపకూడదు, ఆ నీటితో ముఖం కూడా కడగకూడదు. రాత్రి ఆకాశం చూడాలనుకునేవారికి ఈ పార్కుకు సాటి లేదు. 2020లో దీనికి అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు వచ్చింది. విజయవాడలో పెరిగిన పిల్లలు పాలపుంతను కంటితో చూసి ఉండరు, ఇక్కడ క్యాబిన్ మెట్ల మీద కూర్చుని చూడవచ్చు. అదృష్టం బాగుంటే ఉత్తర దిక్కున ఆకుపచ్చ ధ్రువకాంతి కూడా కనిపిస్తుంది.

ఈలీకీ, గన్‌ఫ్లింట్‌కూ మధ్య పరుచుకుని ఉన్నది బౌండరీ వాటర్స్ అనే రక్షిత అరణ్యం. సుమారు 11 లక్షల ఎకరాలు, వెయ్యికి పైగా సరస్సులు, చాలా భాగంలో మోటారు పడవలకు అనుమతి లేదు. 1964 అరణ్య చట్టం, ఆ తరువాత 1978లో వచ్చిన ప్రత్యేక చట్టం దాన్ని కాపాడుతున్నాయి. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బసకు ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, ఒక జట్టులో తొమ్మిది మందికి మించకూడదు, గాజు సీసాలు, రేకు డబ్బాలలో నిల్వచేసిన ఆహారం లోపలికి తీసుకువెళ్లకూడదు. ఆవకాయ సీసాను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుంటే ఆ నిబంధన తీరుతుంది గాని, పడవను నెత్తిన పెట్టుకుని ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు రాళ్ల దారిలో నడవవలసిన ఆ ప్రయాణం పెద్దవారికి తగదు. కుటుంబం రిసార్టులో ఉండి, పడుచువారు ఒక పగటిపూట తెడ్డుతో నడిపే కనో పడవ వేసుకుని లోపలికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం మంచి పద్ధతి. పగటి ప్రయాణానికి మోటారు లేని పడవ అయితే ప్రవేశ ద్వారం దగ్గరే ఉచితంగా పత్రం నింపుకోవచ్చు.

ఇప్పుడు వంటగది సంగతి. నా అనుభవంలో మన కుటుంబాలకు ఈ విడిది నచ్చడమూ నచ్చకపోవడమూ చాలావరకు దీని మీదనే ఆధారపడి ఉంటుంది. డులూత్ దాటాక కందిపప్పు, చింతపండు, సోనా మసూరి బియ్యం దొరుకుతాయని అనుకోకూడదు. మినియాపోలిస్ శివారులోని భారతీయ దుకాణంలోనే వారానికి సరిపడా కొని కారులో పెట్టుకోవాలి. ఇక్కడి నుంచి మోసుకువెళ్లే సరుకుల విషయంలో జాగ్రత్త అవసరం: అమెరికా విమానాశ్రయంలో కరివేపాకు తీసేసుకుంటారు, మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం తీసుకువెళ్లడానికి కూడా అనుమతి లేదు. పచ్చళ్లు, పొడులు గట్టిగా మూత పెట్టి, అక్కడి అధికారులకు చెప్పి తీసుకువెళ్లాలి.

క్యాబిన్‌లో స్టవ్వు, ఫ్రిజ్జు, కొన్ని గిన్నెలు ఉంటాయి. కుక్కరు ఉండదు, పెద్ద అన్నం గిన్నె ఉండదు, అట్లపెనం ఉండదు. వాటిని వెంట తీసుకువెళ్లాలి. పొయ్యి పైన పొగ బయటికి లాగే ఫ్యాను ఉన్నదో లేదో ఫోనులో తప్పక అడగాలి. గుంటూరు మిరపకాయలు వేసి తాలింపు పెడితే ఒకటిన్నర గదుల చెక్క ఇంటిలో పొగ హెచ్చరిక గంట మోగడం ఖాయం. ఫ్యాను లేకపోతే కిటికీలు తెరిచి, ఎండుమిరపకాయలు తగ్గించి వండుకోవాలి, లేదా బయట వరండాలో విద్యుత్ పొయ్యి వాడుకోవడానికి యజమాని ఒప్పుకుంటారేమో కనుక్కోవాలి. మిగిలిన అన్నం, కూరలు, చెత్త రాత్రిపూట బయట ఉంచకూడదు; నల్ల ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి, వాటికి మనిషి తిండి అలవాటైతే చివరికి వాటినే చంపవలసి వస్తుంది. చెత్త వేయడానికి ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలు రిసార్టులో ఉంటాయి. శాకాహారులు ఇంకొక విషయం అడగాలి: ఆరుబయట ఉండే మాంసం కాల్చే పొయ్యి క్యాబిన్‌కు ఒకటి చొప్పున ఉన్నదా, అందరికీ కలిపి ఒకటేనా అని. అమెరికన్ ప్లాన్ లాడ్జీలలో వంటవారు శాకాహారం చేసిపెడతారు గాని అది సాధారణంగా పాస్తా, సలాడ్, బంగాళాదుంపల చుట్టూనే తిరుగుతుంది. మూడు రోజులకు అది సరే, ఏడు రోజులకు కాదు. అందుకే పెద్దవారు వెంట ఉంటే వంటగది ఉన్న క్యాబిన్‌ను వదలవద్దని నా సలహా.

మాంసాహారులకు అక్కడి వాలై చేప ఒక వరం. ముల్లు తక్కువ, కండ తెల్లన, నీచు వాసన దాదాపు ఉండదు. పులుసుకూ వేపుడుకూ బాగా పనికి వస్తుంది. గాలం వేయడానికి పదహారేళ్లు నిండిన ప్రతివారికీ లైసెన్సు కావాలి. బయటి వారికి ఒక రోజు, మూడు రోజులు, ఏడు రోజుల లైసెన్సులు అమ్ముతారు. లైసెన్సు లేని తాతయ్య సరదాకైనా గాలం పట్టుకోకూడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఎక్కడికి వెళ్లాలన్నదానితో సమానమైన ప్రశ్న. మన వారు రోహిణి కార్తె ఎండలు తప్పించుకుందామని మే నెలలోనే బయలుదేరతారు. ఉత్తర మిన్నెసోటా సరస్సుల మీద మంచు ఏప్రిల్ చివర, కొన్ని ఏళ్లలో మే మొదటి వారంలో కరుగుతుంది. మే నెలాఖరులో ఎండ కాసినా నీరు ప్రాణాంతకమైన చలిలో ఉంటుంది, పడవ తిరగబడితే ఈత వచ్చినవారికి కూడా కొద్ది నిమిషాలలోనే కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. జూన్‌లో నల్ల ఈగలు, దోమలు, పిడుదులు. ఆ దోమలు మన కాలువ గట్టు దోమలకు ఏ మాత్రం తీసిపోవు. జింకల మీద బతికే చిన్న పిడుదులు కరిస్తే లైమ్ అనే వ్యాధి రావచ్చు గనుక లేత రంగు పొడుగు చేతుల దుస్తులు వేసుకుని, సాయంత్రం ఒళ్లంతా వెతికి చూసుకోవాలి. జూన్ చివర ఈలీలో రాత్రి తొమ్మిది గంటల దాకా సూర్యుడు అస్తమించడు. పెద్దవారికి నిద్ర చెడుతుంది, కిటికీలకు మందమైన తెరలున్న క్యాబిన్ అడగాలి. జులై అందరికీ అనువైనదే గాని అప్పుడే అద్దె అత్యధికం, ఖాళీలు అత్యల్పం.

నా ఎంపిక ఆగస్టు రెండో పక్షం. దోమలు బాగా తగ్గుతాయి, నీరు ఇంకా ఈతకు పనికివస్తుంది, అడవిలో బ్లూబెర్రీలు ఇంకా దొరకవచ్చు, రాత్రులు మళ్లీ చీకటిగా మారతాయి. మిన్నెసోటా బడులు చాలావరకు సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే తరువాతే తెరుస్తారు గనుక మినియాపోలిస్‌లో ఉండే మనవలకు సెలవులే. టెక్సాస్ వంటి చోట్ల ఆగస్టు మధ్యకే బడులు తెరుస్తారు, ఆ కుటుంబాలు జులై చివరి వారంతో సరిపెట్టుకోవాలి. ఇక్కడి నుంచి బడి పిల్లలను కూడా తీసుకువెళ్లేవారికి ఇంకా కష్టం: మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, వేసవి సెలవులలో అక్కడ మంచు అప్పుడే కరిగి ఉంటుంది. అటువంటివారు సరస్సు విడిదిని మరో ఏడాదికి వాయిదా వేసుకుని ఈసారి ఊళ్లు చూడడం మేలు. సెప్టెంబరు మూడో వారంలో ఆకులు రంగులు మారతాయి, చూడడానికి అద్భుతం, కానీ నీళ్లలోకి దిగలేరు, రాత్రి గది వేడిచేసుకోవాలి.

మెట్ల గురించి ఎవరూ అడగరు, అడగవలసింది అదే. రాతి గుట్టల మీద కట్టిన క్యాబిన్ల నుంచి నీటి దాకా ఇరవై ముప్పై చెక్క మెట్లు ఉండడం మామూలు. ఫొటోలో నీటి దృశ్యం ఎంత ఎత్తు నుంచి కనిపిస్తున్నదో అన్ని మెట్లున్నాయని అనుకోవాలి. పడకలలో ఒకటి నిచ్చెన ఎక్కి పడుకునే అటక కావచ్చు. ‘ఆరుగురికి సరిపోతుంది’ అన్న మాటలో తరచుగా ఆ అటకనూ, హాలులో సోఫానూ కూడా లెక్కవేస్తారు. పెద్దవారికి కింద గదిలో మంచం, దానికి దగ్గరగా స్నానాలగది ఉన్నాయా అని విడిగా కనుక్కోవాలి. పడవల విషయంలో పాంటూన్ ఒక్కటే పెద్దవారికి తగినది: బల్లపరుపు నేల, చుట్టూ కటకటాలు, కుర్చీలు, పైన నీడ ఉంటాయి, చీర కట్టుకున్నవారు కూడా రేవు మీద నుంచి సమంగా అడుగుపెట్టి ఎక్కవచ్చు. చాలాచోట్ల అద్దెలో వచ్చేది అల్యూమినియం చేపల పడవ, పాంటూన్‌కు రోజువారీ అద్దె వేరు. పదేళ్ల లోపు పిల్లలు నడుస్తున్న పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవడం ఆ రాష్ట్రంలో చట్టం. మన పెద్దవారిలో ఈత వచ్చినవారు తక్కువ గనుక వయసుతో పనిలేకుండా అందరూ వేసుకోవాలి. చీర మీద జాకెట్ బిగించుకోవడం కష్టమైతే చుడీదారు వేసుకోవడం మంచిది.

గన్‌ఫ్లింట్, రెయినీ సరస్సుల నీటి మధ్యగా అమెరికా కెనడా సరిహద్దు పోతుంది. నీటి మీద గీత ఉండదు. భారత పాస్‌పోర్టుతో అమెరికాకు సందర్శకులుగా వచ్చినవారికి కెనడా వీసా వేరుగా కావాలి, అది లేకుండా అవతలి ఒడ్డున దిగడం చట్టవిరుద్ధం. సరిహద్దు జిల్లాలలో అధికారులు అడగవచ్చు గనుక పాస్‌పోర్టు, అమెరికాలో అడుగుపెట్టినట్టు తెలిపే ఐ-94 పత్రం ప్రతి వెంట ఉంచుకోవాలి. ఈ బెంగ వద్దనుకునేవారికి బర్న్ట్‌సైడ్, వెర్మిలియన్, కాబెటోగమా సరస్సులు నిశ్చింత, అవి పూర్తిగా అమెరికా వైపే ఉన్నాయి.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. మూడు తరాలు కలిసి వెళుతుంటే, పెద్దవారిలో ఎవరికైనా రోజూ మందులు తప్పనిసరి అయితే, ఈలీ చుట్టుపక్కల లేదా వెర్మిలియన్ మీద, నేలమట్టంగా ఉన్న వంటగది క్యాబిన్ తీసుకోవాలి. పడవ నడపగలిగినవారు ఎవరూ లేని కుటుంబం కాబెటోగమా వైపు వెళ్లాలి, వెళ్లే ముందు నాచు పరిస్థితి కనుక్కోవాలి. ఆరోగ్యంగా ఉన్న దంపతులిద్దరే, పిల్లల బాధ్యత లేకుండా, మాటలు కూడా తగ్గించుకుని ఉండాలనుకుంటే గన్‌ఫ్లింట్ దారిలో భోజనం కలిపిన లాడ్జి బాగుంటుంది. అక్కడ రాత్రి లూన్ పక్షి అరుపు వినిపిస్తుంది. మిన్నెసోటా రాష్ట్ర పక్షి అది, దాని కూత ఎవరో దూరాన ఏడుస్తున్నట్టుగా ఉంటుంది. ముందే చెప్పి ఉంచకపోతే అర్ధరాత్రి అమ్మ భయపడి లేచి కూర్చుంటుంది.

డబ్బు కట్టే ముందు ఒక మాట. జులై, ఆగస్టు నెలలలో చాలా రిసార్టులు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తాయి, మూడు నాలుగు రాత్రులకు ఇవ్వవు. ఏటా వచ్చే కుటుంబాలు వెళ్లేటప్పుడే వచ్చే ఏడాదికి అదే వారాన్ని చెప్పి వెళతాయి గనుక మంచి క్యాబిన్లు చలికాలంలోనే అయిపోతాయి. మన పెద్దవారి వీసా సంగతి మాత్రం హైదరాబాదు కాన్సులేటులో తేదీ దొరికి, ముద్ర పడేదాకా తేలదు. అందువల్ల వీసా చేతికి రాకముందే క్యాబిన్ తీసుకునేవారు, ఎన్ని రోజుల ముందు రద్దు చేసుకుంటే అడ్వాన్సు తిరిగి ఇస్తారో, ఆ క్యాబిన్ మరొకరికి అద్దెకు పోతేనే ఇస్తారా, తరువాతి ఏడాదికి మార్చుకోనిస్తారా అన్నది ఈమెయిలులో రాయించుకుని ఉంచుకోవాలి. ఫోనులో యజమాని ఎంత ఆప్యాయంగా మాట్లాడినా అది రాతలో ఉండాలి. ఆ జవాబు రాతలో ఇవ్వడానికి వెనకాడే రిసార్టును వదిలి, పక్క సరస్సు మీద ఉన్న మరొకదానికి ఫోను చేయాలి.